మంచినీళ్లలో చెక్కపడవను తినేది వాననీళ్లు

ఉప్పునీళ్లలో పడవ తొందరగా పోతాది, శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో అయితే దానికి ఢోకా లేదు అంటారు. ఇది సగమే నిజం. చెక్కను తొలిచే ఓడపురుగు (పేరుకే పురుగు, అసలు ఆల్చిప్పల జాతి) మంచినీళ్లలో మామూలుగా బతకదు. ఇనుప మేకులూ నిదానంగానే తుప్పు పడతాయి. కానీ సముద్రపు ఉప్పు చెక్కను కుళ్లబెట్టే బూజును అణిచిపెడుతుంది. మంచినీళ్లలో ఆ కాపుదల మనకు లేదు.

ఎప్పుడూ మునిగి ఉండే పలక సాధారణంగా కుళ్లదు, ఎందుకంటే దానికి గాలి తగలదు. చెక్కలో తేమ 20 శాతం దాటి, గాలి కూడా ఆడితే బూజుకు పండగే. అందుకే పుచ్చు నీటిగీతకు పైన, అంచు కట్టె కింద, అడ్డకట్టె పలకను తాకే చోట మొదలవుతుంది. అక్కడ నిలిచేది వాననీళ్లు. వాన కురిసిన ప్రతిసారీ తోడెయ్యాలి, అడ్డకట్టెల కింద నీళ్లు పారే కంతలు మట్టితో పూడకుండా చూడాలి. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే మెత్తగా దిగిందంటే అది పుచ్చిన చెక్కే.

తడి చెక్క మీద లోపలా బయటా తారు పూసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. తేమ లోపలే ఇరుక్కుని పలక నడుమ నుంచి కుళ్లుతుంది. తారు బయట, అడుగుభాగానికి చాలు, అదీ బాగా ఆరాకే. లోపలికి లీటరు వేడినీళ్లలో 100 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 70 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి రెండు మూడు పూతలు వెయ్యండి. ఆరాక పైన పెయింట్ తప్పనిసరి. లేకుంటే మందు నీళ్లకు కొట్టుకుపోతుంది, పట్టిన చేపలకూ అంటుతుంది. పాతకాలం ఓడల్లో కట్టెల మధ్య రాతి ఉప్పు కూరేవారని మీరూ పొయ్యకండి, ఇనుప మేకులు తినేస్తుంది.

ఇంక ఎండాకాలం. 885 అడుగుల నిండుమట్టం నుంచి నీళ్లు దిగి సంగమేశ్వరం గుడి బయటపడే నాటికి పడవలు బీడు మీద ఎండుతుంటాయి. పలకలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. వాటిలో సిమెంటో, ఎం-సీల్ లాంటి రాయిలా గట్టిపడే లప్పమో కూరితే, మళ్లీ నీళ్లలో పలక ఉబ్బినప్పుడు చోటు చాలక మేకులు లేస్తాయి, పలక చీలుతుంది. నూలు వదులుగా దూర్చి, గుగ్గిలం, నూనె కాచిన మెత్తటి లప్పం పెట్టండి. పడవను నేలకు ఆనించకుండా రాళ్ల మీద, నీడలో బోర్లించండి, లేకుంటే చెదలు పడతాయి. నీళ్లొచ్చాక రెండు మూడు రోజులు లోతు లేని చోట నానబెడితే సన్నటి సందులు వాటంతటవే మూసుకుంటాయి.

మోటారు పెట్టిన పడవకైతే, తుప్పును తన మీద వేసుకునే లోహపు ముక్క జింకుది తీసి మెగ్నీషియంది బిగించండి. మంచినీళ్లలో జింకు సరిగా పనిచెయ్యదు.