పంట ఉన్న నేల ఖాళీ స్థలమా?

విశాఖపట్నం శివారులోని ఒక ప్రభుత్వ పాఠశాలలో పిల్లలు పెంచుకున్న కూరగాయల తోటను పెకలించేశారు. ఆదివారం జేసీబీ వచ్చింది. సోమవారం పిల్లలు వచ్చేసరికి ఆనప పాదు లేదు, పందిరి లేదు, కోతకొచ్చిన గోంగూర మడి లేదు. అక్కడ కంకర గుట్ట ఉంది. పక్కన జరుగుతున్న పనులకు సామాను దింపుకోవడానికి బడిలోని ‘ఖాళీ స్థలం’ వాడుకున్నామని సంబంధిత అధికారులు చెబుతున్నారు. మా అభ్యంతరమంతా ఆ మాట మీదే.

ఎక్కడ ఖాళీ? అది ఐదు సెంట్ల తోట. పిల్లలు చేతులు కడుక్కునే కుళాయిల నీళ్లు వృథాగా పోకుండా కాలువ తీసి మడులకు మళ్లించారు. తోటకూర చల్లితే నెల తిరిగేసరికి కోతకొస్తుంది. గోంగూర ఒకసారి కోస్తే మళ్లీ చిగురేస్తుంది. గోడ వారగా రెండు మునగ చెట్లు, ఒక కరివేపాకు చెట్టు. ఉదయం కోసిన ఆకు మధ్యాహ్నానికి పప్పులో పడేది. ఇంట్లో ఆకుకూర పక్కకు తోసేసే పిల్లలు, తాము నీళ్లు పోసి పెంచిన కూర అనేసరికి మారు అడిగి వేయించుకునేవారని వంట చేసే మహిళలు చెబుతున్నారు. దీన్ని ఖాళీ అని కాగితం మీద రాసినవారు ఒక్కసారైనా గేటు దాటి లోపలికి వెళ్లి చూడలేదా?

పిల్లలు బడికి వచ్చేది చదువుకోవడానికి గానీ కలుపు తీయడానికి కాదని వాదించేవాళ్లు ఉన్నారు. పిల్లల చేత చాకిరీ చేయిస్తే మేమూ ఒప్పుకోం. కానీ వారానికి ఒకటి రెండు పీరియడ్లు మొక్కల దగ్గర గడపడం చాకిరీ కాదు. సైన్సు పుస్తకంలో బొమ్మగా ఉన్న వేరు, కాండం, పరాగ సంపర్కం అక్కడ చేతికి తగులుతాయి.

ఇక తిండి సంగతి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 75 గ్రాముల కూరగాయలు పెట్టాలన్నది కేంద్రం పెట్టిన నియమం. 2025 మే నుంచి వంట ఖర్చు కింద ఒక్కో విద్యార్థికి రోజుకు ప్రాథమిక స్థాయిలో 6.78 రూపాయలు, ఆపై స్థాయిలో 10.17 రూపాయలు లెక్కకట్టారు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు అన్నీ అందులోంచే రావాలి. వానలకు పంట దెబ్బతిని రైతు బజారులోనే టమాటా ధర మండిపోయే రోజుల్లో ఆ డబ్బుతో వంట చేసేవాళ్లు ఏం చేస్తారు? పప్పులో నీళ్లు ఎక్కువవుతాయి, కూరలో ముక్కలు తగ్గుతాయి. 200 మంది పెద్ద పిల్లలకు రోజుకు 15 కిలోల కూర కావాలి. ఐదు సెంట్ల తోట అంత ఇవ్వదు, ఇస్తుందని మేమూ అనడం లేదు. వారానికి రెండు రోజులు ఆకుకూర ఇస్తుంది, కరివేపాకు కొనే పని లేకుండా చేస్తుంది. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన రాష్ట్రం మనది. వాళ్లే రేపు ఈ బడులకు వచ్చేది. ఇక్కడ రెండు రోజుల ఆకుకూర చిన్న విషయం కాదు.

బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది కేంద్ర ప్రభుత్వమే. స్థలం లేకపోతే కుండీల్లో, డాబాల మీద అయినా పెంచమని అందులో ఉంది. నేల లేని బడికి కుండీ చూపించిన ప్రభుత్వ యంత్రాంగమే నేల ఉన్న బడిలో పంటను పెకలించింది. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి వేళ చూడకుండా వండి వడ్డించిన డొక్కా సీతమ్మ గారి పేరు ఈ రాష్ట్రంలో బడి భోజనానికి పెట్టుకున్నాం. ఆ పేరు గోడ మీద రాయించినవారు అదే గోడ వెనక ఉన్న మడి మీదకు యంత్రాన్ని ఎలా పంపగలిగారు?

మా అసలు భయం ఈ ఒక్క బడి గురించి కాదు. మధురవాడ నుంచి భీమిలి దాకా, ఇటు పెందుర్తి, ఆనందపురం వైపు సెంటు నేల కోసం కాచుకుని ఉన్న ఊరు ఇది. ప్రైవేటు స్థలంలో ఒక్క లారీ కంకర దింపాలన్నా యజమానిని అడగాలి, అద్దె ఇవ్వాలి. ప్రభుత్వ బడి ఆవరణలో అడిగేవాడు లేడన్న ధైర్యంతోనే అక్కడ దింపారు. ఇవాళ కంకర, తాత్కాలికమే అంటారు. రేపు సిమెంటు షెడ్డు, అదీ తాత్కాలికమే. ఆ తర్వాత ఇంకో శాఖ తన ఆఫీసుకు గది అడుగుతుంది. ఒకసారి ఖాళీ స్థలం అని ఫైలులో పడ్డాక, ఆ ఫైలు చూపించి పక్క బడి ఆట మైదానం అడుగుతారు. అక్కడా పిల్లలు సెలవు రోజున కనిపించరు కాబట్టి ఖాళీ అనే రాస్తారు. ఈ మొదటి మాటను ఇక్కడే కొట్టేయకపోతే నగరంలో ఏ బడి ఆవరణా మిగలదు.

నగరంలో చాలా బడులకు భోజనం పెద్ద వంటశాలల నుంచి వ్యాన్లలో వస్తోంది కదా, తోట ఎందుకు అన్న మాటా వినిపిస్తోంది. ఈ బడిలో పొయ్యి వెలుగుతోంది. వెలిగే చోట తోటను నిలబెట్టడం చేతకాదా?

కంకర ఈ వారంలోనే ఎత్తించాలి. దాని కింద గట్టిపడిన నేలను దున్నించి, చెరువు మట్టి, పశువుల ఎరువు ప్రభుత్వ ఖర్చుతోనే తోలించాలి. ఆ ఐదు సెంట్లను బడి రికార్డులో కూరగాయల తోటగా నమోదు చేయాలి. విద్యా కమిటీ తీర్మానం లేకుండా ఏ శాఖా బడి నేలను ముట్టుకోకూడదని జిల్లా యంత్రాంగం లిఖితపూర్వకంగా ఆదేశించాలి. నోటి మాట హామీలు మాకు అక్కర్లేదు.

మా తోట ఏదని సోమవారం పిల్లలు అడిగితే హెడ్మాస్టరు జవాబు చెప్పలేక తల దించుకున్నారు. తల దించుకోవాల్సింది ఆయన కాదు. ఆదివారం సెలవు చూసి యంత్రాన్ని పంపిన అధికారి ఉదయం ప్రార్థన వేళకు ఆ బడికి వెళ్లాలి. పిల్లల ముందు నిలబడి, వాళ్లు పెంచిన మడి తన కంటికి ఎందుకు ఖాళీగా కనిపించిందో చెప్పాలి.