నిద్ర పట్టించే టీ, అర్ధరాత్రి పన్నెండున్నరకి

మా పెద్దమ్మ మనవడు చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. అక్కడి లైవ్ అమ్మకాల వీడియోలు అప్పుడప్పుడు పంపిస్తుంటాడు, చూసి నవ్వుకో బాబాయ్ అని. మొన్న పంపినదానికి మాత్రం నాకు ఒళ్లు మండింది. అక్కడ టైం అర్ధరాత్రి పన్నెండున్నర. ఒకమ్మాయి మొహం నిండా లైటింగ్ కొట్టించుకుని, గొంతు చించుకుని, చేతులు తిప్పుతూ అరుస్తోంది. ఏం అమ్ముతోందయ్యా అంటే, మనసుని శాంతపరిచి నిద్ర పట్టించే టీ.

"మా ఇంటివాళ్లూ! ఇంకా మెలకువగానే ఉన్నారా? నిద్ర పట్టట్లేదా?" అక్కడ లైవ్ చూసేవాళ్లని కుటుంబం అనే పిలుస్తారు లెండి, జేబులో చెయ్యి పెట్టేముందు వరస కలపడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. "సువాన్ జావో రెన్ ఉంది, ఫూలింగ్ ఉంది, లిల్లీ గడ్డ ఉంది, పూర్వకాలం ఫార్ములా, అంతా నేచురల్, రెండు డబ్బాలు కొంటే ఒకటి ఫ్రీ, మూడు, రెండు, ఒకటి, లింక్ పెట్టేశాం!" అనడమే ఆలస్యం, పక్కనున్న కుర్రాడు అయిపోతోంది అయిపోతోంది అని కేకలు, స్క్రీన్ మీద గుండె బొమ్మలు ఎగరడం, ఎర్రంకెలు గబగబా తగ్గిపోవడం. ఇందులో ఉన్న వైద్యశాస్త్రం గమనించండి. మేలుకుని ఉన్నవాడికే ఆఫర్. పొరపాటున కునుకు పట్టిందా, నిద్ర టీ మిస్సయిపోతాడు. రోగిని ఇంత కచ్చితంగా పట్టుకునే ఆస్పత్రి భూప్రపంచంలో లేదు. పైగా రోగం ముదిరినవాడే పెద్ద గిరాకీ, రెండింటిదాకా కూర్చుంటే ఇంకా తగ్గిస్తారట. టీ అయ్యాక అదే అమ్మాయి అదే గొంతుతో కళ్ల కింద నల్లటి వలయాలకి క్రీము అమ్మింది. ఆ తర్వాత ఇన్‌స్టంట్ కాఫీ. ఒట్టు, కాఫీయే.

మూలికల తప్పేం లేదు పాపం. సువాన్ జావో రెన్ అంటే పుల్ల రేగు గింజలోపలి పప్పు. హాన్ రాజవంశం చివర్లో, క్రీ.శ. 200 ప్రాంతంలో, ఝాంగ్ ఝాంగ్‌జింగ్ అనే వైద్యుడు దాంతో ఒక కషాయం రాశాడు. ఆ పప్పు, అతిమధురం, పైన్ చెట్ల వేళ్ల మీద పెరిగే ఫూలింగ్ అనే శిలీంధ్రం, ఇంకో రెండు దుంపలు. ఎవరికి? ఒళ్లు హూనమైపోయి, మనసు చికాకుపడి, పడుకున్నా నిద్ర రానివాడికి. చూశారా, ఒళ్లు హూనమవడం అనే సంగతి ఆయన ముందే రాసిపెట్టాడు. ఇప్పుడు అమ్మేవాళ్లు ఆ ముక్క ఒక్కటీ వదిలేసి మిగతాదంతా డబ్బా మీద అచ్చేశారు. అక్కడి ఫార్మకోపియా, అంటే మందుల అధికారిక గ్రంథం ప్రకారం పప్పు మోతాదు 10 నుంచి 15 గ్రాములు, చితక్కొట్టి మరిగించాలి. ఈ టీ సంచుల్లో చాలావాటిని దారంతో సహా తూచినా అంత బరువుండదు. పని చేస్తుందా అంటే, జరిగిన పరీక్షలు చాలామటుకు చిన్నవి, బలహీనమైనవి. అదృష్టం ఏంటంటే చైనా ప్రభుత్వం 2002లో ఇచ్చిన లిస్టులో ఇది మందుల్లోనూ ఉంది ఆహారాల్లోనూ ఉంది. ఎంత వెసులుబాటో చూడండి, అమ్మేటప్పుడు మందు, నిలదీస్తే తిండి.

ఇక గిరాకీ ఉన్నచోట కల్తీ ఉండకుండా ఎలా ఉంటుంది. ఈ పప్పులో కలిపే నకిలీ పప్పు ఏ చెట్టుదో తెలిస్తే మీకు కాస్త గర్వంగా ఉంటుంది. జిజిఫస్ మారిషియానా, అంటే సాక్షాత్తూ మన రేగుచెట్టు. భోగినాడు పిల్లల నెత్తిన పోస్తామే, అవే పళ్ల గింజలు. అన్ని పళ్లు పోయించుకున్న పిల్లాడు ఆ రాత్రి పెందలాడే పడుకున్నట్టు ఏ ఇంట్లోనైనా దాఖలా ఉందా చెప్పండి.

గింజలతో పని కాకపోతే రాళ్లున్నాయి. ఆ వైద్యం లెక్కలో మనసు ఉండేది గుండెలో, అది నిలకడ తప్పి పైకి తేలిపోతే నిద్ర పట్టదు, కాబట్టి బరువైనవి ఇచ్చి కిందకి దించాలి. సూదంటురాయి, ఆల్చిప్పలు, డ్రాగన్ ఎముకలు. వీటిని మూలికలకంటే ముందు విడిగా చాలాసేపు మరిగించాలి. నిద్ర రానివాడు రాత్రి పదకొండింటికి స్టవ్ ముందు నిలబడి సూదంటురాయి ఉడికిందా లేదా అని చూస్తుంటాడు, కనీసం టైంపాస్ అవుతుంది. డ్రాగన్ ఎముకలంటే పాతకాలం జంతువుల శిలాజాలు. అన్యాంగ్ అనే ఊరి దగ్గర పొలాల్లో దొరికినవి కూడా చాలాకాలం ఈ పేరుతోనే మందుల షాపులకి వెళ్లాయి. 1899లో వాంగ్ యిరాంగ్ అనే పెద్ద అధికారి వాటి మీద రాత ఉందని గుర్తించేదాకా, 3 వేల ఏళ్ల కిందటి షాంగ్ రాజులు దేవతల్ని అడిగిన ప్రశ్నలవి అని ఎవరికీ పట్టలేదు. వాటిల్లో వూ డింగ్ రాజుగారి పంటినొప్పి గురించి కూడా ఉంది. పంటినొప్పితో రాజుకి నిద్ర లేదు, ఆ ఎముకని పొడి చేసుకుని తాగి ఇంకెవరో నిద్రపోయారు. చరిత్రని ఇంత శ్రద్ధగా అరిగించుకున్న జాతి మరొకటి లేదు. 1935లో ఒక శాస్త్రవేత్త హాంకాంగ్ మందుల షాపులో బేరమాడి కొన్న పన్ను మీద జైగాంటోపిథెకస్ అనే మహావానరం బయటపడింది, అది కూడా ఎవడి కషాయంలోకో పోవాల్సిందే, కొద్దిలో తప్పించుకుంది.

ఇంగిలీకం సంగతి మరీ ముద్దుగా ఉంటుంది. అది పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. మనసుని అణచడానికి దాన్ని కూడా ఇచ్చారు, ఇప్పటికీ ఫార్మకోపియాలో 0.1 నుంచి 0.5 గ్రాములు అని మోతాదు ఉంది, వేడి మాత్రం తగలకూడదు, తగిలితే విషం. మనవాళ్లేం తక్కువ తినలేదు లెండి, రసౌషధాల పేరుతో మనకీ ఉంది ఈ ముచ్చట. నేచురల్ అన్నమాట అక్షరాలా నిజం, పాదరసం ఏమైనా ఫ్యాక్టరీలో పుట్టిందా, భూమిలోంచే కదా.

నేచురల్ అంటే గుర్తొచ్చింది. అమెరికాలో 1990ల్లో స్లీపింగ్ బుద్ధ అని ఒక క్యాప్సూల్ అమ్మారు, అంతా చైనా మూలికలే అని. వేసుకున్నవాళ్లకి బ్రహ్మాండంగా నిద్ర పట్టేది. 1998లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్ష చేయిస్తే అందులో ఎస్టాజోలామ్ ఉంది, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని నిద్రమాత్ర. బుద్ధుడు నిద్రపోయింది మూలికతో కాదన్నమాట.

అయినా పామర జనాన్ని అని ఏం లాభం. 1950ల్లో సంప్రదాయ వైద్యాన్ని దేశమంతా పెంచి పోషించమన్న మావో ఏం చేశాడు? ఆయనకి నిద్ర పట్టని జబ్బు జీవితమంతా ఉంది. చైనా మందుల్ని ప్రచారం చేయాలి గానీ నాకు వాటి మీద నమ్మకం లేదు అన్నట్టు ఆయన సొంత డాక్టర్ లీ ఝిసుయ్ తర్వాత రాశాడు. ఛైర్మన్‌గారు వేసుకున్నవి బార్బిచ్యురేట్లు, అచ్చమైన పాశ్చాత్య నిద్రమాత్రలు. ప్రజలకి వేళ్లు, నాయకుడికి మాత్రలు.

ఇంతకీ ఈ కోట్లమందికి నిద్ర ఎందుకు పోయింది అని ఆ లైవ్‌లో ఒక్కరూ అడగరు. గుండెలో రక్తం తక్కువైందట, కాలేయంలో వేడి ఎక్కువైందట. వేడి ఎక్కడుందో నేను చెప్తా. పొద్దున 9 నుంచి రాత్రి 9, వారానికి 6 రోజులు, దానికి 996 అని ముద్దుపేరు కూడా పెట్టారు. 2019లో అలీబాబా కంపెనీ పెట్టిన జాక్ మా దాన్ని పెద్ద భాగ్యం అన్నాడు. మనం నవ్వక్కర్లేదు, ఇక్కడ 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు వారానికి 70 గంటలన్నారు, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 అన్నారు, ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపు పెళ్లాం మొహం చూస్తారు అని కూడా అడిగారు. మాదాపూర్‌లో ఆ మాట విన్న పిల్లలకి ఏ గింజలు రాయాలి డాక్టరుగారూ?

2020 డిసెంబర్ 29న, చైనాలోని ఉరుంచిలో, ఒక పెద్ద ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలో పనిచేసే 22 ఏళ్ల అమ్మాయి, రాత్రి ఒంటిగంటన్నరకి పని ముగించుకుని ఇంటికి నడుస్తూ రోడ్డు మీద కుప్పకూలి చనిపోయింది. ఇరవై రెండేళ్లు. ఆ పిల్లకి మనసు శాంతించాలా, కాలేయం చల్లబడాలా? ఆ కంపెనీ ఖాతా నుంచి ఒక పోస్టు వచ్చింది, డబ్బు కోసం ప్రాణం పెట్టనివాడు ఎవడున్నాడు అని. జనం తిట్టేసరికి తీసేశారు, ముందు అది మాది కాదన్నారు, తర్వాత ఎవరిదో సొంత అభిప్రాయం అన్నారు. సిగ్గులేని వెధవలు. అలాంటి చోట పనిచేసి అర్ధరాత్రి ఇంటికొచ్చిన మనిషికి, ఫోన్ తీయగానే, మా ఇంటివాళ్లూ ఇంకా పడుకోలేదా అని నవ్వుతూ టీ అమ్ముతారు. ఆ అమ్మే పిల్ల మాత్రం ఎప్పుడు పడుకుంటుందో, దానికీ ఎవడో టార్గెట్ పెట్టే ఉంటాడు.

2021 ఆగస్టులో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు 996 చట్టవిరుద్ధం అని తేల్చింది. కొత్తగా కనిపెట్టిందేం కాదు, 1995 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టంలోనే రాసి ఉంది, రోజుకి 8 గంటలు, వారానికి 44, ఓవర్‌టైం నెలకి 36 గంటలు మించకూడదని. మోతాదుతో సహా ఉన్న ఆ ఒక్క మందుని మాత్రం ఇన్నేళ్లలో ఎవడూ మరిగించి తాగించలేదు.