కిలో దొండకాయలు కొనిస్తారట

"ఒక్క తీగ కోసం ఇంత గొడవేంటి మేడం, కావాలంటే కిలో దొండకాయలు నేనే కొనిస్తాను."

ఈ రోజు ఉదయం ఏడు గంటలకు మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు లిఫ్ట్ దగ్గర నిలబడి నాతో అన్న మాట ఇది. ఇంకా నా చేతులు వణుకుతున్నాయి. అక్షరాలు తప్పుపడితే సర్దుకుని చదవండి.

మా ఆడపడుచు కూతురి పెళ్లికని మూడు రోజులు విజయవాడ వెళ్లాం. రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చాం. తెల్లారగానే ఎప్పటిలాగే బియ్యం కడిగిన నీళ్ల బకెట్ పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. తలుపు తీయగానే మొహాన ఎండ కొట్టింది. పదేళ్లకు పైగా ఆ తలుపు తీస్తే నాకు ముందు తగిలేది నీడ. ట్యాంకు గోడ పొడవునా అల్లుకున్న దొండపాదు లేదు. మట్టికి జానెడు పైన ఒక్క వేటుకు నరికేశారు. పాదునంతా ఉండ చుట్టి ఖాళీ పెయింట్ డబ్బాల పక్కన పడేశారు. ఆకులు కమిలిపోయాయి. లేత కాయలు ఇంకా తీగకే వేలాడుతున్నాయి, వడిలిపోయి.

బిల్డింగ్‌కి రంగులు వేయిస్తున్నారు. వేయించండి, ఎవరు వద్దన్నారు? నా వంతు డబ్బు నేనూ కట్టాను. ట్యాంకు గోడకి రంగు వేయాలంటే ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది కదా. "అమ్మా, తీగ కాస్త కిందికి దించుకోండి" అంటే పెళ్లిపందిట్లోంచి లేచి వచ్చేదాన్ని. వాట్సాప్ గ్రూపులో రోజుకి యాభై గుడ్ మార్నింగులు పెట్టే తీరిక ఉంటుంది, ఒక్క ఫోన్ చేయడానికి ఉండదు.

రంగులు వేసే పిల్లలను నేను ఏమీ అనను. శ్రీకాకుళం నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. అందులో ఒక అబ్బాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, నేను అక్కడ కూలబడిపోవడం చూసి దగ్గరికి వచ్చాడు. "మేం పక్కకి జరుపుతామన్నామమ్మా, సారే ఆ చెత్తంతా పీకేయమన్నారు" అన్నాడు. తర్వాత ట్యాంకు వెనక్కి తీసుకెళ్లి ఒక అట్టపెట్టె చూపించాడు. అందులో పికిలిపిట్ట గూడు.

ఆ గూడు సంగతి నాకు తెలుసు. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ ఉన్న జంట, పది రోజుల ముందు నుంచి పుల్లలు మోసుకొచ్చి పాదులో కట్టుకుంది. కాఫీ కప్పు పట్టేంత గూడు. నేను కాయలు కోసేటప్పుడు ఆ వైపు చేయి పెట్టకుండా ఇటు వైపే కోసుకునేదాన్ని. ఊరెళ్లే ముందు రోజు చూస్తే మూడు గుడ్లు. లేత గులాబీ రంగు మీద ముదురు ఎరుపు చుక్కలు, కుంకుమ చిలకరించినట్టు. ఇప్పుడు రెండే ఉన్నాయి. మూడోది గూటి అడుగునే పగిలి ఎండిపోయింది. ఆ అబ్బాయికి ఉన్న పాటి మనసు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మా సెక్రటరీ గారికి లేకపోయింది. ఆ గూటిని పెట్టెలో దాచి పెట్టమని వాడికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

మా మూడో అంతస్తులో ఉండే లాయరు గారు అన్నారు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడం కూడా వేట కిందే లెక్కట. వేట! నాకు ఆ మాట సరిగ్గా తగిలింది. ఇంటి మీద వేట జరిగింది, మేం ఊళ్లో లేనప్పుడు.

ఇంకొకటి. వేసవి కదా అని పిట్టల కోసం గోడ మీద రెండు మట్టి మూకుళ్లలో నీళ్లు పెడతాను. గోరింకలు వస్తాయి, పావురాలు వస్తాయి, ఉడుత వచ్చి అంచు మీద ముందు కాళ్లు ఆనించి తాగుతుంది. ఒక మూకుడులో తెల్ల రంగు కలిపారు. రెండో దానిలో సిగరెట్ పీకలు. రంగు పిల్లలు కాదు, పని ఎలా జరుగుతోందో చూడ్డానికి పైకి వచ్చిన పెద్దమనుషులు. చుట్టూ అంత మేడ ఉంది, పీక ఆర్పడానికి పిట్ట నీళ్లు తాగే మూకుడే దొరికింది!

వీళ్లకి అన్నీ చెత్తే. కుండీల వల్ల స్లాబు కారుతుందంటారు. నా కుండీలన్నీ ఇటుకల మీద ఉన్నాయి, కింద నీళ్లు నిలవవు. నాలుగో అంతస్తులో కారింది ట్యాంకు పైపు జాయింట్ వల్ల అని ప్లంబర్ అందరి ముందూ చూపించాడు. ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కదు. దోమలొస్తాయంటారు. దోమలు మీ కార్ పార్కింగ్ పక్క గుంటలో ఉన్నాయి, వెళ్లి చూడండి. పాములొస్తాయంటారు, ఐదంతస్తులెక్కి! ఇదే మనుషులు మా కరివేపాకు చెట్టు దగ్గర మాత్రం వరుస కడతారు. పొద్దున్నే ఉప్మాకి రెండు రెమ్మలు, సాయంత్రం చారుకి రెండు రెమ్మలు. నేను ఏనాడూ వద్దనలేదు. కూరగాయలమ్మే ఆవిడ కొసరుగా కరివేపాకు వేసే రోజులు పోయాయి, పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లో దాన్ని కూడా ప్యాకెట్ కట్టి అమ్ముతున్నారు, పైనున్నది కోసుకుంటే కోసుకోనీ అనుకున్నాను.

పోయిన నెలలో సెక్రటరీ గారింటికి బెంగళూరు నుంచి చుట్టాలొస్తే వాళ్లావిడ వచ్చి "మీ ఎర్ర గోంగూర కాస్త ఇస్తారా పిన్నిగారూ" అని అడిగింది. ఆకు ఇవ్వడం కాదు, పచ్చడే నూరి ఇచ్చాను. ఆకు కడిగి, తడారేదాకా బట్ట మీద ఆరబెట్టి, నూనెలో మగ్గించి, ఎండుమిరపకాయలు, ధనియాలు, మెంతులు వేయించి రోట్లో నూరాను. మిక్సీలో వేయలేదు. పైన వెల్లుల్లి తాలింపు. స్టీలు డబ్బా నిండా ఇచ్చాను. ఆ డబ్బా ఈ రోజుకీ తిరిగి రాలేదు. ఆ గోంగూర పెరిగిన కుండీ ఈ ఉదయం చూస్తే బోర్లా పడి ఉంది, మట్టంతా బయటే. అది తిన్నప్పుడు చెత్త అనిపించలేదే?

దొండకాయ అంటే చాలామందికి చులకన. తింటే బుద్ధి మందగిస్తుందని పిల్లలకు పెట్టని ఇళ్లు నాకు తెలుసు. సరైన దొండకాయ వేపుడు తినని వాళ్లు అనే మాట అది. పొద్దున కోసిన కాయ పొద్దునే వండాలి. చిటికెన వేలంత లేత కాయ, కత్తి పెడితే కరుక్కున తెగాలి. విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీల్చి, వేయించి కొట్టిన శనగపప్పు, మినప్పప్పు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి, చింతపండు రెబ్బ, వెల్లుల్లి కలిపిన కారం కూరి, ఇనప మూకుట్లో సన్న సెగ మీద మూత పెట్టి ఓపిగ్గా మగ్గించాలి. కాయ తొక్క ముడతలు పడి కారం అంచుల్లో ఎర్రబడే వేళకి ఇల్లంతా వాసన. మా ఆయన అప్పుడు టీవీ ఆపి వచ్చి కూర్చుంటారు. కిలో కొనిస్తే ఇది వస్తుందా? కొట్లో కాయ రెండు రోజులు బస్తాలో మగ్గి, లోపల ఎర్రబడి వస్తుంది.

ఎర్రబడటం అంటే గుర్తొచ్చింది. 'కాకి ముక్కుకు దొండపండు' అని సామెత వాడతారు అందరూ. మా అపార్ట్‌మెంట్ పిల్లల్లో ఎంతమంది దొండపండు చూశారు? నేను ప్రతి వారం నాలుగు కాయలు తీగకే వదిలేస్తాను, పిట్టల కోసం. నిగనిగలాడే ఎరుపు. పికిలిపిట్ట దాన్ని పొడిచి తింటుంటే రెండో అంతస్తు పాప నా చీర కొంగు పట్టుకుని కదలకుండా చూసేది. ఇప్పుడు ఆ పాప వచ్చి "అమ్మమ్మా, పిట్ట ఇల్లేదీ" అంటే ఏం చెప్పను?

అసలు ఆ తీగ ఎక్కడిదో చెప్పాలి. చెప్పకుండా ఉండలేను.

2009లో మా అమ్మ కాకినాడ వైపు మా ఊరి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ, పెరట్లోని దొండపాదు నుంచి నాలుగు తీగ ముక్కలు కోసి, తడి గుడ్డలో చుట్టి, పచ్చళ్ల సంచిలో పెట్టుకొచ్చింది. పెన్సిలంత లావు, ముక్కకి నాలుగు కణుపులు. "రెండు కణుపులు మట్టిలో, రెండు బయట, వాలుగా గుచ్చు" అని పక్కన నిలబడి చెప్పింది. అప్పుడు మేం ఉన్న అద్దింట్లో పెయింట్ డబ్బాలో నాటాం. ఈ ఫ్లాటు కొనుక్కుని వచ్చినప్పుడు సామాను కంటే ముందు మా ఆయన ఆ డబ్బానే తెచ్చారు.

అమ్మ పోయిన మరుసటి ఏడు, 2018లో, మా అన్నయ్య ఊళ్లో పెరడంతా సిమెంటు చేయించి టైల్స్ వేయించాడు. ములగ చెట్టు, పనస చెట్టు, బావి గట్టు మీద కనకాంబరాలు, కంద మడి, బచ్చలి పందిరి, ఆవు కట్టేసే గుంజ, అన్నీ పోయాయి. బురద ఉంటుందట. కారు పెట్టుకోవడానికి చోటు కావాలట. పండక్కి వెళ్లి వీధి గుమ్మంలోంచి పెరట్లోకి నడిచి, ఏం జరిగిందో అర్థంకాక మళ్లీ ముందుకొచ్చి ఇల్లు మనదేనా అని చూశాను. ఏడిస్తే అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "ఏడాదికి రెండు రోజులు వచ్చేదానివి, నీకెందుకే ఇదంతా?" అన్నాడు. మా వదిన మంచినీళ్లిచ్చి తలుపు వేసేసింది.

ఆ పెరట్లో అమ్మ యాభై ఏళ్లు నీళ్లు తోడి పోసింది. రథసప్తమికి చిక్కుడాకులు, చిక్కుడుకాయలు మా పెరట్లోవే సగం వీధికి వెళ్లేవి. కోతలయ్యాక పిచ్చుకలకని వసారాలో వరి కంకుల కుచ్చులు కట్టేది. ఇంట్లో ఎవరైనా జ్వరపడితే డాక్టరు కంటే ముందు ఆవిడ చారులో వేసే ఆకు పెరట్లోంచి వచ్చేది. అడగాల్సినంత మాత్రం మనిషిని కాదా నేను? ఒక్కమాట, "చెల్లీ, చెట్లు తీసేస్తున్నాం, నీకేమైనా కావాలా" అంటే చాలు. నేను కనకాంబరం మొక్క తెచ్చుకునేదాన్ని. కంద ముక్క తెచ్చుకునేదాన్ని. ఏడేళ్లు దాటినా నేను ఈ మాట అన్నయ్యతో అనలేదు. ఇప్పుడు ఇక్కడ అంటున్నాను, ఎవరైనా చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ఆ పెరట్లోంచి ప్రాణంతో మిగిలింది ఈ దొండపాదు ఒక్కటే. దాన్నే మూడు రోజుల క్రితం కొట్టేశారు. సెక్రటరీ గారు కిలో కొనిస్తారట.

గూటిని మందార చెట్టు గుబురు కొమ్మల్లో అమర్చాను, ఆ శ్రీకాకుళం అబ్బాయి కొమ్మ పట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండుసార్లు వెళ్లి దూరం నుంచి చూశాను. ఒక పిట్ట వచ్చి ట్యాంకు పైపు మీద కూర్చుని, పాదు ఉండే చోటు వైపే చూసి అరుస్తోంది. మందార వైపు రాలేదు. దోసెడు నీళ్లతో కొత్త మూకుడు పెట్టి వచ్చాను.

తీగలో ఇంకా పచ్చిగా ఉన్న ముక్కలు వెతికితే పదకొండు దొరికాయి. రెండు కణుపులు మట్టిలో, రెండు బయట. వాలుగా గుచ్చి, గోనెపట్టా నీడ కట్టాను.

ఇది రాస్తుంటే ఇప్పుడే గ్రూపులో మెసేజ్ వచ్చింది. రేపు మెట్ల గది గోడకి రంగు, 'అడ్డుగా ఉన్న కుండీలు, చెత్త తొలగించబడును' అని. మెట్ల గది గోడ పక్కనే ఉంది మందార. రేపు ఐదున్నరకే కుర్చీ తీసుకుని పైకి వెళ్తున్నాను. మా బ్లాకు వాళ్లెవరైనా ఇది చదివితే, మీరూ రండి. కాఫీ ఫ్లాస్కులో తెస్తాను.