ఖైరున్నీసాకు ఒక అమ్మ ఉంది, ఒక అమ్మమ్మ ఉంది

హైదరాబాద్ కోఠి రెసిడెన్సీకి మరమ్మతులు జరిగాక ఆ మెట్ల మీద తీసిన రీల్సు, ఫొటోలు ఎక్కడ చూసినా అవే. భవనం నిలబడినందుకు సంతోషమే. కానీ ప్రతి పోస్టులోనూ ఒకటే కథ. తెల్లదొర కిర్క్‌పాట్రిక్, నవాబుల ఇంటి అందగత్తె ఖైరున్నీసా, ప్రేమ, ఆమె కోసం కట్టించిన మహల్. కొందరైతే హైదరాబాద్ తాజ్‌మహల్ అని కూడా రాస్తున్నారు. చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

ఆ భవనం ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి, కొలువు కోసం కట్టింది. డబ్బు నిజాంది. ఖైరున్నీసా ఉన్నది వెనకాల జనానాలో, అంటే ఆడవాళ్ళుండే రంగమహల్లో. దాన్ని తర్వాత వచ్చిన రెసిడెంటు ఒకాయన కూలగొట్టించాడు. దొర కూర్చున్న దర్బారు హాలు ఇవాళ్టికీ ఉంది, ఆమె బతికిన ఇల్లు లేదు. ఇక తాజ్‌మహల్ ఎక్కడిది?

ఆ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ పుట్టింది 1764లో, మద్రాసులో. ఖైరున్నీసా 1813లో చనిపోయేనాటికి ఆమెకు 27 ఏళ్ళు. లెక్క వేసుకోండి. 1801 మార్చిలో కొడుకు పుట్టేసరికి ఆమెకు పదిహేనేళ్ళు, ఆయనకు ముప్ఫై ఆరు దాటాయి. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు అలాగే జరిగేవంటారు. జరిగేవి, నిజమే. ఆమె ఇష్టపడే చేసుకుందనీ, వేరే సంబంధం వద్దని పట్టుబట్టిందనీ కాగితాల్లో ఉంది. కానీ ఆ కాగితాలు రాసినవాళ్ళెవరు? కిర్క్‌పాట్రిక్ తన ఉత్తరాల్లో చెప్పుకున్నది, గవర్నర్ జనరల్ వెల్లెస్లీ జరిపించిన విచారణలో కంపెనీ అధికారులు చెప్పింది. పదిహేనేళ్ళ పిల్ల మనసు గురించి మనకు తెలిసిందంతా దాదాపు మగవాళ్ళ చేతిరాతే. దాన్ని పట్టుకుని అమర ప్రేమ అని ఎలా రాసేస్తాం?

వంశవృక్షాలు చూస్తే ఇంకా బాధ. కిర్క్‌పాట్రిక్ వైపు తండ్రి కల్నల్, సవతి అన్న విలియం, అందరూ తేదీలతో సహా ఉంటారు. ఖైరున్నీసా దగ్గరికొచ్చేసరికి కొమ్మ అక్కడితో ఆగిపోతుంది, ఆమె ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు. ఆమె తాత బాకర్ అలీ ఖాన్, కంపెనీ ఫౌజుకు బక్షీగా, అంటే జీతాలు పంచే అధికారిగా చేసినవాడు. అమ్మమ్మ దుర్దానా బేగం. అమ్మ షరఫున్నీసా. నిజాం దివాన్ మీర్ ఆలం వీళ్ళకు దగ్గర చుట్టం. మీర్ ఆలం చెరువు అంటామే, ఆ మీర్ ఆలమే. ఇంత పెద్ద కుటుంబం కళ్ళెదుటే ఉంటే ఎవరూ ఒక గీత గీయరు.

ఇక పిల్లల సంగతి. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805లో కొడుక్కి నాలుగేళ్ళు, కూతురికి మూడు నిండాయి, అంతే. చదువుకని ఇంగ్లండు పంపేశారు. ఓడ ఎక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వాళ్ళ బొమ్మ గీశాడు. జరీ అంచు అంగరఖాలు, నెత్తిన టోపీలు, మెడలో ముత్యాలు, అచ్చం హైదరాబాదీ పిల్లలు. మరుసటి మార్చికి లండన్లో బాప్తిస్మం అయిపోయింది, విలియం జార్జ్, కేథరిన్ అరోరా అయిపోయారు. ఈలోపే, 1805 అక్టోబర్‌లో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. వీలునామాలో ఖైరున్నీసాను గౌరవంగా, పేరుపెట్టే రాశాడు. పిల్లల్ని మాత్రం పెళ్ళికి బయట పుట్టిన బిడ్డలుగానే రాశాడు. నిఖా చేసుకున్న మనిషి ఇలా రాశాడంటే ఆమెకు ఇంకేం మిగిలింది?

ఆ తర్వాతి ముక్క రీల్సులో ఎవరూ పెట్టరు. భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రసెల్ కలకత్తాలో ఖైరున్నీసాకు దగ్గరయ్యాడు. ఆమెను హైదరాబాద్‌కు తిరిగి రానివ్వలేదు. మచిలీపట్నంలో ఉంచారు. అవును, మన బందరులోనే. రసెల్ 1808లో మద్రాసులో ఇంకొకరిని పెళ్ళాడాడు. ఖైరున్నీసా ఎప్పటికో సొంత ఊరు చేరి 1813 సెప్టెంబర్‌లో కన్నుమూసింది. పిల్లల్ని మళ్ళీ చూడనే లేదు. ప్రేమకథ చెప్పేవాళ్ళంతా 1805 దగ్గరే ఎందుకు ఆపేస్తారో ఇప్పుడు తెలిసిందా?

నన్ను అన్నిటికంటే కదిలించేది షరఫున్నీసా. కూతురు పోయాక ఇంకో ముప్ఫై నాలుగేళ్ళు బతికింది. ఇంగ్లండులో కిట్టీగా పెరిగిన మనవరాలు సాహిబ్ బేగం 1829లో కెప్టెన్ ఫిలిప్స్‌ను పెళ్ళాడింది. రసెల్ ఇంట్లో ఆ చిన్నరీ బొమ్మ చూసి ఏడ్చేసిందట. 1841లో అమ్మమ్మతో ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మమ్మవి ఫారసీలో, మనవరాలివి ఇంగ్లీషులో, మధ్యలో ఎవరో ఒకరు చదివి చెప్పాలి. విడిపోయే రోజు అమ్మ జుట్టు పీక్కుంటూ ఏడ్చిన సంగతి, అమ్మ కూర్చున్న చోటు తనకు ఇంకా గుర్తున్నాయని కిట్టీ రాసింది. మూడేళ్ళప్పుడు చూసింది ముప్ఫై ఆరేళ్ళ తర్వాత రాసింది! 1847లో షరఫున్నీసా పోయేదాకా ఆ ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ ముఖాముఖి ఒక్కసారి కూడా కలుసుకోలేదు.

కిట్టీ 1889 దాకా బతికింది. ఆమె పిల్లల వారసులు ఇంగ్లండులో ఉన్నారు. అక్కడ ఆమె పేరెత్తితే రచయిత థామస్ కార్లైల్ మనసు పడ్డ అమ్మాయిగా చెబుతారు. ఇక్కడ వాళ్ళమ్మను కిర్క్‌పాట్రిక్ మనసు పడ్డ అమ్మాయిగా చెబుతాం. తల్లికీ కూతురికీ ఇద్దరికీ మగవాళ్ళ పేరు మీదే గుర్తింపు.

1949 నుంచి ఆ రెసిడెన్సీ ప్రాంగణంలో ఆడపిల్లలు చదువుకుంటున్నారు. అక్కడ ఒక బోర్డు పెట్టండి. దుర్దానా బేగం, షరఫున్నీసా, ఖైరున్నీసా, సాహిబ్ బేగం, నాలుగు తరాల పేర్లూ వరసగా రాయండి. బందరులో కూడా ఒకటి పెట్టాలి, అక్కడివాళ్ళు ఎవరైనా పూనుకుంటే నా వంతు చందా నేనిస్తాను.