బిల్లీ ప్రెస్టన్‌కి ఒక్క వాక్యమేనా?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ బీటిల్స్ డాక్యుమెంటరీ మీద మీ వ్యాసం ఆ బ్యాండులోని నలుగురి చుట్టూనే తిరిగింది. 1969 జనవరిలో వాళ్లు చిరాకుల్లో ఉండగా నల్లజాతి కళాకారుడు బిల్లీ ప్రెస్టన్ వచ్చి ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చున్నాడు. గది వాతావరణమే మారిపోవడం తెర మీద కనిపిస్తుంది. 'గెట్ బ్యాక్' రికార్డు మీద బీటిల్స్‌తో పాటు ఆయన పేరూ వేశారు. అంతటి మనిషికి మీరిచ్చింది ఒక్క వాక్యం. చాలా బాధేసింది.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర. ఇక్కడా ఇదే తంతు. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోలు బోలెడు వస్తాయి. కౌశిక కాలువ దాటి, చేలకడ్డంపడి ప్రభలు (దేవుడి పేరున అలంకరించి ఊరేగించే ఎత్తైన కట్టడాలు) మోసేవాళ్లకి ఊపు తెచ్చేది డప్పులు, తాషా వాద్యాలే. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని మరీ వాయిస్తారు. కెమెరా మాత్రం ప్రభ మీదే! ఈసారి తీసేవాళ్లు దయచేసి ఆ వాయించేవాళ్ల పేర్లు అడిగి రాసుకోండి, వీడియో కింద వేయండి.