పచ్చడి సీసా పక్కన డైసన్ ఫొటో

లండన్ ఈస్ట్ హామ్‌లో మా నాన్నకు కిరాణా షాపు ఉంది. ఆదివారం రాత్రి షట్టర్ సగం దించాక, టిల్ (గల్లాపెట్టె) పక్కన స్టూళ్లేసుకుని మా ఇంటి వాదనలన్నీ అక్కడే జరుగుతాయి. ఇంట్లో అయితే అమ్మ పడనివ్వదు.

మొన్నటి వాదన సుధ వదినది. మా మేనత్త కూతురు. రెడింగ్‌లో ఐటీ ఉద్యోగం. అది మానేసి పచ్చళ్లు, పొడుల వ్యాపారం పెడతానంటోంది. వస్తూ వస్తూ ఒక శాంపిల్ ఆవకాయ సీసా తెచ్చింది, ఫోన్‌లో తన గది గోడ ఫొటో చూపించింది. గోడ మీద నలుగురు: జేమ్స్ డైసన్ (వాక్యూమ్ క్లీనర్లు), అనితా రాడిక్ (బాడీ షాప్ సౌందర్య సాధనాలు), రిచర్డ్ బ్రాన్సన్ (వర్జిన్ కంపెనీలు), కరణ్ బిలిమోరియా (కోబ్రా బీరు). బ్రిటన్‌లో సున్నా నుంచి మొదలుపెట్టి పైకొచ్చిన వాళ్లట. చిన్న వ్యాపారికి వీళ్లు ఆదర్శమా కాదా అన్నది గొడవ. నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు గానీ నా తీర్పు చివరిదాకా ఎవరూ అడగలేదు.

నాన్న: దేవుడి ఫొటో పెట్టుకోవాల్సిన చోట వాక్యూమ్ క్లీనర్లు చేసే ఆయన్ని పెట్టుకున్నావేంటే?

వదిన: ఆయన చేసిన పని తెలిస్తే నువ్వూ పెట్టుకుంటావు మావయ్యా. కలప కోసే మిల్లులో దుమ్ము లాగే పెద్ద గరాటు చూశాడు. అదే చిన్నదిగా చేసి ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌లో దుమ్ము సంచి బదులు వాడొచ్చు కదా అనుకున్నాడు. 1979లో మొదలుపెట్టి అయిదేళ్లు కూర్చున్నాడు. 5,127 నమూనాలు చేశాడు. చివరిది పనిచేసింది, అంటే 5,126 సార్లు తప్పింది. నేను మూడుసార్లు ఆవకాయ పాడైతేనే ఏడ్చాను.

నాన్న: ఆ అయిదేళ్లూ ఇల్లెట్లా గడిచింది?

వదిన: అప్పులు చేశాడు.

నాన్న: అది సగం. ఆయన భార్య ఆర్ట్ క్లాసులు చెప్పి ఇల్లు నెట్టుకొచ్చింది. జెరెమీ ఫ్రై అని ఒక డబ్బున్న పెద్దమనిషి వెనకుండి పెట్టుబడి పెట్టాడు. పుస్తకాల్లో 5,127 పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆవిడ జీతం ఎక్కడేస్తారు? నీకు క్లాసులు చెప్పే భార్య ఉందా?

వదిన: ఐటీ ఉద్యోగం చేసే మొగుడున్నాడు.

(ఇక్కడ నాన్నకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు గానీ మీసం దాచలేకపోయింది.)

వదిన: అసలు ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఆ అంకె కాదు మావయ్యా. దానికి ముందు బాల్‌బారో అని, చక్రం బదులు బంతి పెట్టి ఒక తోపుడు బండి చేశాడు. బాగానే అమ్ముడైంది. కానీ పేటెంట్ తన పేర పెట్టుకోకుండా కంపెనీకి రాసిచ్చాడు. వాటాదార్లు ఆయన్ని బయటికి పంపేస్తే బండీ పోయింది, పేటెంటూ పోయింది. ఆ దెబ్బ తిన్నాకే క్లీనర్ మీద హక్కు తన గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. ఇక్కడి పెద్ద కంపెనీలు వద్దంటే ముందు జపాన్‌లో అమ్మాడు. ఇక్కడ సొంత పేరుతో వచ్చింది 1993లో.

నాన్న: ఇది నచ్చింది. గోడ మీద ఫొటో కింద ఇది రాసుకో, 5,127 కాదు. మరి ఈ నవ్వు మొహమాయన ఎందుకు? బ్రాన్సన్. 1971లో ఎగుమతి సరుకని చెప్పి రికార్డులకు టాక్స్ ఎగ్గొట్టి ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. తల్లి సొంత ఇంటిని పూచీ పెట్టి విడిపించింది. ఆ పని నేను చేసుంటే మీ అమ్మమ్మ పొలం పోయేది, వీసా పోయేది.

వదిన: సరే, బ్రాన్సన్‌ని తీసేస్తా.

(ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నాన్న అనుకోలేదు. తర్వాతి రెండు మాటలూ మర్చిపోయినట్టున్నాడు, ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేసి వచ్చాడు.)

వదిన: అనితా రాడిక్‌ని మాత్రం ముట్టుకోకు. 1976లో బ్రైటన్‌లో బాడీ షాప్ తెరిచింది. గోడలకు చెమ్మ, బూజు. అది కనపడకూడదని ముదురాకుపచ్చ రంగేసింది. తర్వాత అదే వాళ్ల కంపెనీ రంగైంది. కొత్త సీసాలు కొనే స్తోమత లేక, పాత సీసా తెస్తే మళ్లీ నింపిస్తానంది. జనం దాన్ని పర్యావరణం మీద ప్రేమ అన్నారు. పక్కన శవపేటికల వాళ్లు, మా పక్కన బాడీ షాప్ అని బోర్డేంటని గొడవ చేస్తే, ఊరి పత్రికకు ఫోన్ చేసి ఆ గొడవనే వార్తగా వేయించింది. పైసా ఖర్చు లేని ప్రకటన! చిన్న వ్యాపారికి ఇంతకంటే దగ్గరి మనిషి ఎవరు చెప్పు?

నాన్న: బ్యాంకు సంగతి చెప్పవేం?

వదిన: చెప్తా. మొదటిసారి జీన్స్ వేసుకుని, చంకలో పిల్లని పెట్టుకుని వెళ్తే మేనేజర్ పొమ్మన్నాడు. రెండోసారి మొగుడు సూటు తొడుక్కుని, కాగితాలు పట్టుకుని వెళ్తే 4,000 పౌండ్లు ఇచ్చాడు. అదే షాపు, అదే అప్పు.

నాన్న: అంటే నువ్వూ శ్రీకాంత్‌ని సూటేసి పంపిస్తావా?

వదిన: పంపించను. ఆ బ్యాంకుకే వెళ్లను. ఆవిడ కథ నాకు చెప్పేది అదే.

నాన్న: ఇక రెండో షాపు. అప్పుడు మొగుడు గుర్రమెక్కి దక్షిణ అమెరికా చూడటానికి పోయాడు. ఊళ్లో గ్యారేజీ నడిపే ఇయన్ మెక్‌గ్లిన్ అనే ఆయన 4,000 పౌండ్లు ఇచ్చి సగం వాటా తీసుకున్నాడు. సగం, సుధా! 2006లో లోరియల్ ఆ కంపెనీని 652 మిలియన్ పౌండ్లకు కొన్నప్పుడు ఆయన వాటాకు వందకు పైగా మిలియన్లు వచ్చాయి. నాలుగు వేలకు!

వదిన: ఆ రోజు ఆ నాలుగు వేలు ఇచ్చేవాడు ఇంకొకడు ఉన్నాడా? లేడు. ఆవిడ ఏనాడూ ఏడవలేదు దాని గురించి. నీకెందుకు ఏడుపు?

నాన్న: నాకు ఏడుపెందుకంటే, 2024 ఫిబ్రవరిలో బ్రిటన్ బాడీ షాప్ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలాలోకి, వెళ్లింది. షాపులు మూసేశారు. కౌంటర్ దగ్గర నిలబడే అమ్మాయిల ఉద్యోగాలు పోయాయి. ఆవిడ 2007లోనే పోయింది కాబట్టి చూడలేదు. ఆదర్శం అన్నది ఎవరి చేతికి అమ్మాం అన్నదాకా రావద్దా?

వదిన: ఆ తర్వాత అది ఇంకా రెండు చేతులు మారింది మావయ్యా. చచ్చిపోయిన మనిషి మీద ఆ బిల్లు వెయ్యకు.

(ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట బస్సు ఆగి వెళ్లింది. నేను టీ పోశాను.)

నాన్న: సరే. నీ గోడ మీద మన హైదరాబాదీ ఉన్నాడుగా, అతని సంగతి తీద్దాం.

వదిన: తీయి. బిలిమోరియా నీకు తెలిసినంతగా నాకు తెలియదు. నువ్వు ఆయన బీరు పోశావుగా.

(నాన్న లండన్ వచ్చిన కొత్తలో ఇండియన్ రెస్టారెంట్‌లో వెయిటర్. కోబ్రా సీసాలు టేబుళ్లకు మోసిన మనిషి.)

నాన్న: పోశాను. మంచి సరుకు, కాదనను. ఇక్కడి లాగర్ బీరు తాగితే గ్యాసుకి కడుపుబ్బి సగం కూర వదిలేసేవాళ్లు. గ్యాసు తక్కువుండి కూరతో పోయే బీరు చేయాలని ఆ కుర్రాడికి తట్టింది. హైదరాబాద్‌లో పుట్టిన పార్సీ, తండ్రి సైన్యంలో జనరల్, ఉస్మానియాలో బీకాం. ఇక్కడ సీఏ చేసి, కేంబ్రిడ్జిలో లా చదివేసరికి 20,000 పౌండ్ల అప్పు మిగిలింది. అర్జున్ రెడ్డి అని స్నేహితుడితో కలిసి ముందు పోలో కర్రలు తెచ్చి అమ్మాడు. తర్వాత బెంగళూరులో బీరు కాయించి ఓడలో తెప్పించాడు. డొక్కు సిట్రోయెన్ కారులో బీరు పెట్టెలేసుకుని ఒక్కో రెస్టారెంట్ వెనక తలుపు తట్టేవాళ్లు.

వదిన: మరి ఇంకేం కావాలి? నేను చేయబోయేది అదే. నా డొక్కు కారు కూడా సిద్ధం.

నాన్న: 2009 చెప్పు.

వదిన: ...

నాన్న: నేనే చెప్తా. లాభం చూడకుండా పెరగాలి, పెరగాలి అని పరిగెత్తారు. అప్పులు మీద పడ్డాయి. కంపెనీని ప్రీప్యాక్ అడ్మినిస్ట్రేషన్‌లో పెట్టారు. అంటే పొద్దున దివాలా, మధ్యాహ్నం అమ్మకం. మోల్సన్ కూర్స్ అనే పెద్ద బీరు కంపెనీ 50.1 శాతం తీసుకుంది, ఆయన మిగతా వాటాతో కొత్త కంపెనీలో కొనసాగాడు. పాత కంపెనీకి సరుకిచ్చి, పూచీ లేకుండా అప్పుపెట్టిన వాళ్లు నష్టపోయారు. చట్టప్రకారమే జరిగింది, తప్పు అనను. కానీ నువ్వు ఆయన ఫొటో వైపు నుంచి చూస్తున్నావు, నేను ఆ సప్లయర్ల వైపు నుంచి చూస్తున్నాను.

(నాన్నకు ఆ చూపు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కిందట వేరే ఒక కంపెనీకి మూడు నెలలు అరువు మీద సరుకు వేశాడు. వాళ్లు ఇలాగే దుకాణం ఎత్తేసి వారం తిరక్కుండా ఇంకో పేరుతో తెరిచారు. ఆ సంవత్సరం మేం ఇండియా వెళ్లలేదు. అప్పులవాళ్ల జాబితాలో నాన్న పేరున్న కాగితం ఇప్పటికీ టిల్ కింద డ్రాయర్‌లో ఉంది.)

వదిన: నీకు జరిగింది నాకు తెలుసు మావయ్యా. కానీ 2009లో ఆయన పోయి ఎక్కడైనా కన్సల్టెంట్‌గా చేరిపోవచ్చు. లార్డ్ అని బిరుదు అప్పటికే ఉంది. మళ్లీ నిలబెట్టాడుగా ఆ బ్రాండ్‌ని?

నాన్న: నిలబెట్టాడు. అందుకే తీసెయ్యమనట్లేదు. పక్కన ఆ సంవత్సరం రాసుకోమంటున్నాను. అసలు నన్నడిగితే నీ గోడ మీద ఉండాల్సినాయన వేరే. లక్ష్మీశంకర్ పాఠక్. 1956లో కెన్యా నుంచి పెళ్లాం పిల్లలతో దిగాడు, జేబులో అయిదు పౌండ్లు. దొరికిన పని మురుగు కాలవలు బాగుచేయడం. వంటింట్లో సమోసాలు, మిఠాయిలు చేసి అమ్ముకున్నారు. తర్వాత పచ్చళ్లు. ఇంగ్లీషువాళ్లకు నోరు తిరగట్లేదని పేరులోంచి ఇంగ్లీషు h అక్షరం తీసేసి పటాక్స్ చేశాడు. ఈ షాపులో మూడో అర చూడు, ఇంకా అమ్ముతున్నా. పచ్చడి వ్యాపారికి పచ్చడి వ్యాపారే గురువు కావాలి గానీ క్లీనర్లవాడెందుకు?

వదిన: ఆ కథ నేనూ చదివాను. వంటింట్లో చేతులు కాల్చుకున్నది ఆయనొక్కడేనా? భార్య శాంత చేయి లేని వంట ఉందా అందులో? సరే, అది వదిలెయ్. ఆయన పోయాక కూతుళ్లిద్దరు తమ షేర్లు తమకు రావాలని సోదరుడి మీద హైకోర్టుకు వెళ్లారు. 2004లో రాజీ పడ్డారు. 2007లో కంపెనీ పెద్ద కంపెనీకి అమ్ముడుపోయింది. నువ్వు బిలిమోరియా పక్కన 2009 రాయమంటే, నేను నీ పాఠక్ గారి పక్కన 2004 రాస్తా. ఇంతకీ మావయ్యా, ఈ షాపులో అక్క పేర ఏమైనా ఉందా?

(అక్క అంటే మా పెద్దక్క. నాన్న నా వైపు చూశాడు. నేను టీ కప్పు వైపు చూశాను. నాకు తెలిసి ఈ షాపు కాగితాల్లో రెండు పేర్లే ఉన్నాయి, నాన్నదీ నాదీ. స్కూల్ రోజుల్లో శనాదివారాలు టిల్ మీద కూర్చున్నది మాత్రం అక్క.)

నాన్న: ... సీసా ఇటివ్వు. పచ్చడి చూద్దాం.

మాట మార్చాడని ముగ్గురికీ తెలుసు. సీసా తిప్పి లేబుల్ చదివాడు. కళ్లజోడు పైకి నెట్టి మళ్లీ చదివాడు.

నాన్న: "మా అమ్మమ్మ చేతి ఆవకాయ." మూత తీయి... వెల్లుల్లి ఉందే!

వదిన: ఉంది.

నాన్న: మా అమ్మ జన్మలో వెల్లుల్లి ఆవకాయ పెట్టలేదు. ఇది మీ నాన్నగారి వంట. అబద్ధం.

వదిన: అమ్మమ్మ అంటే కొంటారు మావయ్యా. నాన్న అంటే ఎవరు కొంటారు?

నాన్న: లెవీ రూట్స్ తెలుసుగా? కార్నివాల్‌లో సాస్ అమ్ముకుంటూ 2007లో డ్రాగన్స్ డెన్ అనే టీవీ షోకు, పెట్టుబడి పెట్టేవాళ్ల ముందుకు గిటార్ పట్టుకుని పోయాడు. రెండున్నర వేల కిలోల ఆర్డర్‌ని పాతిక లక్షల లీటర్లని చెప్పినా 50,000 పౌండ్లు ఇచ్చారు. ఆయనా అమ్మమ్మ వంటకమనే అమ్మాడు. తర్వాత పాత స్నేహితుడు రెసిపీ నాదని కేసు వేస్తే, కేసు గెలిచాడు గానీ అమ్మమ్మ కథ అమ్మకాల కోసం చెప్పిందేనని కోర్టులో ఒప్పుకోవాల్సొచ్చింది.

వదిన: గెలిచాడుగా.

నాన్న: నువ్వు కోర్టులో నిలబడి మా అమ్మ గురించి ఆ మాట చెప్తావా?

(దీనికి వదిన దగ్గర జవాబు లేదు. పెన్ను తీసుకుని "అమ్మమ్మ" కొట్టేసి "నాన్న" అని రాసింది. రాసి, ఒకసారి చదువుకుని, నవ్వింది.)

నాన్న: ఇంకోటి. ఆవాలు, నువ్వుల నూనె మామూలు అక్షరాల్లో వేశావు. ఈ దేశంలో లేబుల్ మీద విడిగా కనపడాల్సిన అలర్జీ పదార్థాలు 14. ఆవాలూ నువ్వులూ రెండూ అందులో ఉన్నాయి. ఆవకాయలో ఇంకేముంటుందే, అవేగా! కౌన్సిల్‌లో రిజిస్టర్ చేశావా? మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే చెయ్యాలి.

వదిన: రెండు నెలలైంది చేసి. లేబుల్ మళ్లీ కొట్టిస్తా.

నాన్న: కొట్టించి ఒక డజను సీసాలు పట్రా. టిల్ పక్కనే పెడతా. అమ్ముడయ్యాక నెలాఖరుకు లెక్క చూసుకుందాం.

వదిన: లేదు మావయ్యా. డబ్బు ముందే.

నాన్న: ఏంటీ?

వదిన: పూచీ లేకుండా అరువిచ్చినవాళ్ల గతేంటో ఇప్పుడేగా చెప్పావు.

నాన్న నా వైపు తిరిగాడు. నేను జడ్జిని కదా అని ఏదో అనబోయాను. ఆయన వినకుండానే టిల్ తెరిచి నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మధ్యలో ఆగి, "ఒరేయ్, రసీదు రాయి" అన్నాడు.