సవరణ: బొమ్మ కీళ్లను ఎండలో పెట్టకండి

బాల్ జాయింట్ బొమ్మల (కీలు దగ్గర గుండ్రటి గుండు ఒక గుంటలో కూర్చుని తిరిగే బొమ్మల) మీద రాసిన ముందు పోస్టులో ‘ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది’ అన్న వాక్యం తీసేశాను. నల్గొండ, మిర్యాలగూడ వైపు బొమ్మలు చేస్తున్నవాళ్లు దయచేసి గమనించండి. గాలికి ఆరే మట్టిని మన మే నెల ఎండలో పెడితే పైపొర ముందే ఎండి కుంచించుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. పగుళ్లు అందుకే. మోకాలి గుంట అంచు పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ మరీ ఎక్కువ. నీడలోనే, అటూ ఇటూ తిప్పుతూ ఆరనివ్వాలి.

పాలిమర్ క్లే (ప్లాస్టిక్‌తో చేసే, మట్టిలా మలిచే ముద్ద) సంగతి వేరు. 45 డిగ్రీల ఎండకైనా అది పూర్తిగా గట్టిపడదు. ప్యాకెట్ మీద రాసిన వేడికి, చాలా రకాలకు 110 నుంచి 135 డిగ్రీల మధ్య, ఓవెన్‌లో కాల్చాల్సిందే.

ముందు గుండు పూర్తిగా ఆరాకే దాని మీద గుంటను అద్దాలన్న మాటలో మార్పు లేదు. ఆరాక గుంట బిగుసుకుంటే టెన్షన్ పడొద్దు, శాండ్‌పేపర్‌తో కొద్దికొద్దిగా రుద్దండి.